ఇవ్వాళ అన్న మాట

మహిమ మేడం బోర్డుకు మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమ పక్కన డైరెక్ట్ స్పీచ్ అని, కుడి పక్కన ఇండైరెక్ట్ స్పీచ్ అని రాసిన రోజున పదో తరగతి ఆడపిల్లల్లో సగం మంది మొహాలు వాడిపోయాయి. ఒక మనిషి అన్న మాటను ఇంకో మనిషి చెప్పడానికి ఇంగ్లీషులో ఇన్ని మార్పులా అని వాళ్ల బాధ. 'నేను' పోయి 'అతను' రావాలి. 'ఇక్కడ' పోయి 'అక్కడ' రావాలి. 'ఇవ్వాళ' అనేది 'ఆ రోజు' అయిపోవాలి, 'రేపు' అనేది 'మర్నాడు' కావాలి. క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి దిగాలి.

నాగలక్ష్మికి మాత్రం అది కష్టమనిపించలేదు. ఒకరి మాట ఇంకొకరికి మోయడం ఆ పిల్లకు చిన్నప్పటినుంచి అలవాటైన పని.

చర్ల రోడ్డు మీద ఆ పిల్ల ఉండి చదివే ఆశ్రమ పాఠశాల నుంచి ఇంకా లోపలికి, బస్సు ఆగే చోటు దాటి, రెండు వాగుల అవతల ఉంటుంది వాళ్ల ఊరు. కోయ ఊరు. తల్లి రామక్కకు వచ్చిన తెలుగంతా సంతలో పనికొచ్చే తెలుగు. ఎంత, ఇయ్యి, వద్దు, తక్కువ. అంతకు మించి ఎవరైనా మాట్లాడితే బిడ్డ మొహం వైపు చూసేది. తండ్రి దూలయ్యకు మిర్చి కోతలకు పోయి పోయి కొంత తెలుగు పట్టుబడింది గానీ ఆయన అసలు మాట్లాడేదే తక్కువ. అందుకని మూడో తరగతి నుంచే సంతలోనూ రేషన్ షాపులోనూ బ్యాంకులోనూ రామక్క తరఫున మాట్లాడింది నాగలక్ష్మే.

మధ్యలో నిలబడ్డవాళ్లు ఏం చెయ్యాలో ఆ పిల్ల తనంతట తానే నేర్చుకుంది. ఇప్పపువ్వు కొనే షావుకారు గంపలో చెయ్యి పెట్టి, "ఎండబెట్టుడు గూడ రాదు ఈ అడివోళ్లకు" అనేవాడు. నాగలక్ష్మి తల్లితో, "ఇంకొంచెం ఎండితే బాగుండేదంట" అని చెప్పేది. రామక్క కోయలో షావుకారును ఏడు తరాలు తిట్టేది. నాగలక్ష్మి అతనితో, "అవ్వ ఆలోచిస్తా అంటుంది" అనేది. ఎవరికీ కోపం వచ్చేది కాదు, బేరం సాఫీగా తెగేది. ఇంటికి పోయేటప్పుడు తల్లి గంప బిడ్డ నెత్తిన పెట్టకుండా తనే మోసుకునేది.

ఆ రోజు క్లాసులో నాగలక్ష్మి లేచి నిలబడింది.

"మేడం, మా భాషల గిట్ల మార్చరు. ఆయన ఏమన్నడో గదే చెప్పి, ఎనక 'అని' లెక్క ఒక మాట పెడ్తరు. తెలుగుల గూడ అంతే కద?"

మహిమ మేడం సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ కాసేపు ఆలోచించింది. ఆమెది సారపాక. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, పిల్లల ప్రశ్నలకు తొందరపడి జవాబు చెప్పదు.

"అవ్, నువ్వన్నది నిజమే. మనం ఆ మనిషి నోటితోనే మాట్లాడి, చివర 'అని' అంటం. ఇంగ్లీషుల చెప్పేటోళ్లు ఎక్కడ నిలబడి చెప్తున్నరు, ఎప్పుడు చెప్తున్నరు, దాన్నిబట్టి మాట మారుతది. సోమవారం ఒకాయన ఇవ్వాళ అన్నడనుకో. నువ్వు గురువారం పోయి ఇవ్వాళ అని చెప్తే విన్నోళ్లు గురువారం అనుకుంటరు కద. అందుకని మారుస్తరు."

"అంటే మనిష్టమున్నట్టు మార్చొచ్చా?"

"రూపం మారుతది. సంగతి మారొద్దు. సంగతి మార్చినవంటే నేను గుండు సున్నా పెడ్త."

పిల్లలంతా నవ్వారు. నాగలక్ష్మీ నవ్వి కూర్చుంది.

*

దసరా సెలవులిచ్చిన రోజున హాస్టల్ గేటు దగ్గర చిన్నాయన బొజ్జయ్య మోటార్ సైకిల్ ఆపుకొని నిలబడి ఉన్నాడు. దూలయ్యకు ఎండాకాలం నుంచి కడుపునొప్పి. ఊళ్లో వైద్యుడు ఆకుపసర్లు ఇచ్చాడు, మండలంలో ఆర్ఎంపీ సూదులు వేశాడు. కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి, తిన్నది ఇమడకపోతే ఖమ్మం తీసుకుపోయి స్కాన్ తీయించారు. ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో పెట్టారు.

"మీ అవ్వకు వాళ్లు చెప్పేది తెలుస్తలేదు. ఇటు చూస్తే చేన్ల అడివి పందులు పడుతున్నయ్, నేను ఇయ్యాల పోకపోతే గింజ మిగలదు. నువ్వు పో బిడ్డా" అన్నాడు బొజ్జయ్య.

సెలవులకు ఇంటికి పోతున్న మహిమ మేడమే ఆ పిల్లను బస్సులో వెంటబెట్టుకొని వెళ్లి దవాఖానా మెట్ల దాకా దిగబెట్టింది. "మా ఇల్లు బ్రిడ్జి దాటితే వస్తది. ఆదివారం చర్చి అయినంక అన్నం పట్టుకొని వస్త" అని చెప్పి వెళ్లింది.

తండ్రిని చూసి నాగలక్ష్మి గుర్తుపట్టలేకపోయింది. చెంపలు లోపలికి పోయి, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. దుప్పటి కింద కడుపు ఒక్కటే ఎత్తుగా ఉంది. బిడ్డను చూసి చెయ్యి పైకెత్తాడు. అంతే.

మర్నాడు పొద్దున డాక్టర్ వెంకటేశ్వరరావు తల్లీబిడ్డలను తన గదిలోకి పిలిచాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాక గానీ నోరు తెరవలేదు.

"ఇంకెవరైనా పెద్దవాళ్లు వచ్చారామ్మా?"

"లేరు సార్. నేనే."

ఆయన రిపోర్టు కాగితం ముందుకు జరుపుకున్నాడు. "కోయ వచ్చిన నర్సమ్మ ఒకామె ఉంది గానీ సెలవులో ఉంది. నీతోనే చెప్పాల్సి వస్తోంది, ఏమనుకోకు తల్లీ. మీ నాన్నకి లివర్‌లో క్యాన్సర్. పొట్టంతా పాకేసింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఎంత పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లినా ఇదే మాట అంటారు. ఇవాళ మనిషి తెలివిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. ఇవాళే ఇంటికి తీసుకెళ్లండి. తన వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడుకుంటాడు. రేపో ఎల్లుండో మత్తు కమ్మేస్తే ఇక మాట ఉండదు. నొప్పి తెలియకుండా మందులు నేనిస్తాను. ఇది మీ అమ్మకి చెప్పు."

నాగలక్ష్మి తల్లి వైపు తిరిగింది. రామక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, బిడ్డ పెదాల వంకే చూస్తోంది. సంతలో షావుకారు ముందు చూసే చూపే అది.

ఆ పెదాల మీదికి ఏం వచ్చిందో నాగలక్ష్మి అనుకొని అన్నది కాదు.

"కాలేయం వాచిందంట అవ్వా" అంది కోయలో. "పది దినాలు ఇక్కడే ఉండాలంట. సూదులు వేస్తే వాపు దిగుతదంట. అయ్య కదలొద్దంట."

రామక్క గుండెల మీద చెయ్యి పెట్టుకొని పెద్దగా ఊపిరి వదిలింది. లేచి డాక్టరుకు దండం పెట్టింది. ఆయన ఆమె మొహం చూసి కొంచెం తెల్లబోయాడు. ఏడవకుండా దండం పెట్టే మనుషులనూ ఆయన చూసి ఉంటాడు. తల వంచి తనూ చేతులు జోడించాడు.

*

మూడు మాటలతో పోతుందనుకున్న అబద్ధం ఆ పూట నుంచే పని మొదలుపెట్టింది.

పది రోజుల్లో మనిషి లేస్తాడని నమ్మిన రామక్కకు ఎక్కడలేని బలం వచ్చింది. ఆ బలంతో మొగుణ్ని గద్దించడం మొదలుపెట్టింది. దూలయ్య గంజి వద్దంటే, "తాగకపోతే సూది ఎట్ల పనిచేస్తది?" అని గ్లాసు పళ్లకు ఆనించింది. ఆయన పక్కకు ఒత్తిగిల్లబోతే, "కదలొద్దని చెప్పిండు కద, చెప్పింది వినవా?" అని భుజం పట్టుకొని ఆపింది. నొప్పికి మూలిగితే, "వార్డుల ఇంతమంది ఉన్నరు, నీ లెక్క ఎవ్వరన్న ఒర్లుతున్నరా?" అంది. ఆమె కఠినురాలు కాదు. బతికే మనిషిని బతికించుకోవడానికి పోరు పెడుతోంది, అంతే.

"ఇంటికి పోదాం" అన్నాడు దూలయ్య.

"పది దినాలు ఓపిక పట్టు."

"మా అక్కకు కబురు పెట్టు."

"అంత దూరం నుంచి ఆమెనెందుకు ఉరికించుడు? లేచి నువ్వే పోయి చూసి రా."

దూలయ్య అక్క ఛత్తీస్‌గఢ్ వైపు ఊళ్లో ఉంటుంది. బస్సు లేదు, ఫోను అందదు. అడవిలో నడిచి వచ్చే మనిషి. నాగలక్ష్మి మంచం కాళ్ల దగ్గర నిలబడి ఇదంతా విన్నది. తను అన్న ఒక్కో మాటా తల్లి నోట్లో నుంచి తిరిగి వస్తుంటే, ఆగమని ఎవరికి చెప్పాలో తెలియలేదు.

రామక్క వేడినీళ్లకు వెళ్లినప్పుడు దూలయ్య బిడ్డను దగ్గరికి పిలిచాడు.

"డాక్టర్ ఏమన్నడే?"

"సూదులు వేస్తే తగ్గుతదన్నడయ్యా."

ఆయన పచ్చటి కళ్లతో చాలాసేపు చూశాడు. "నువ్వు చెప్పేది కాదు. ఆయన అన్నది చెప్పు."

"గదే అన్నడు."

దూలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కదిలినందుకు రామక్క వచ్చి మళ్లీ తిట్టింది.

*

అన్న ప్రకారం ఆదివారం మధ్యాహ్నం మహిమ మేడం అన్నం క్యారియర్ పట్టుకొని వచ్చింది. వార్డు గుమ్మంలో డాక్టర్ ఎదురైతే, నేను ఆ పిల్ల టీచర్ని అని చెప్పి సంగతి కనుక్కుంది. "ఇంకా తీసుకెళ్లలేదేమండీ? నిన్ననే చెప్పాను కదా" అన్నాడాయన. ఆమె కళ్లు తుడుచుకొని, ఎలాంటి మొహంతో వాళ్ల దగ్గరికి పోవాలా అనుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది.

రామక్క నవ్వు మొహంతో లేచి ఆమె చేతులు పట్టుకుంది. "పది దినం" అంది వచ్చీరాని తెలుగులో, పది వేళ్లూ చూపించి. "మంచిగ అయితడు. ఇంటికి."

మేడం నాగలక్ష్మి వంక చూసింది. నాగలక్ష్మి నేల వంక చూసింది.

వరండా చివర, రోగుల బట్టలు ఆరేసిన చోట ఇద్దరూ నిలబడ్డారు. మేడం కోప్పడుతుందనుకుంది నాగలక్ష్మి. ఆమె కోప్పడలేదు.

"నేను చెప్పనా మీ అమ్మకు?"

"వద్దు మేడం. మీరు చెప్తే సగమే తెలుస్తది. మిగిలిన సగం నన్నే అడుగుతది. నా నోటికి రాలేదు మేడం. మా భాషల చెప్పాలంటే ఆయన లెక్కనే చెప్పాలె. 'నేను బతికించలేను' అని నా నోటితోని అనాలె. అవ్వ నన్నే చూస్తుంది. నేనట్ల అంటే నేనే చంపినట్టు అయితది."

మేడం ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఆమె మీ నాన్నను తిడుతుంది, చూసినవా?" అంది మెల్లగా. "సంగతి తెలిస్తే తిట్టేది కాదు."

"చూసిన మేడం."

"డాక్టర్ ఇవ్వాళే తీసుకుపొమ్మన్నడంట. అది నిన్నటి మాట."

నాగలక్ష్మి తలెత్తింది. ఆ సంగతి అప్పటిదాకా ఆ పిల్లకు తట్టలేదు. డాక్టర్ అన్న 'ఇవాళ' అయిపోయింది. ఇప్పుడు ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పినా నిజం కాదు. నిన్న ఒక పగలంతా ఉంది, తండ్రి తెలివితో కళ్లు తెరిచి ఇంటికి పోదామని అడుగుతూ ఉన్న పగలు. అది 'ఆ రోజు' అయిపోయింది.

"నేనే చెప్త" అంది. "మీరు ఈడనే ఉండండి మేడం."

నల్లా దగ్గర రామక్క తువ్వాలు పిండుతోంది. నాగలక్ష్మి వెళ్లి ఆమె చేతిలోంచి తువ్వాలు తీసుకొని పక్కన పెట్టి, తడి చేతులు రెండూ పట్టుకుంది. డాక్టర్ కూర్చోబెట్టినట్టే గట్టు మీద కూర్చోబెట్టింది. తర్వాత ఆయన ఆగిన చోటల్లా ఆగుతూ, ఆయన అన్నదంతా ఆయన నోటితోనే అంది. "'పొట్టంతా పాకింది. కోసి తీసే కాలం దాటింది. ఎక్కడికి పోయినా ఇదే అంటరు. ఇయ్యాల మాట్లాడుతుండు, ఇయ్యాలే ఇంటికి తీసుకుపొండి. రేపో ఎల్లుండో మాట పోతది' అని. ఈ మాట నిన్న పొద్దున అన్నడవ్వా. నేను నీకు వేరే చెప్పిన."

రామక్క బిడ్డ పెదాల వంకే చూస్తూ ఉంది. మాటలు అయిపోయాక కూడా ఇంకేమైనా వస్తుందేమోనని చూసింది. నల్లా కారుతూనే ఉంది. ఎవరో వచ్చి బకెట్ పెట్టి, వీళ్లను చూసి, ఆ బకెట్ అక్కడే వదిలి వెళ్లిపోయారు.

"నిన్న పొద్దుగాల" అంది చివరికి. "అంటే నిన్నంతా నేను ఆయన్ను తిట్టుకుంట కూసున్న."

నాగలక్ష్మి ఏడుపు ఆపుకోలేకపోయింది. తల్లి కొడుతుందనుకుంది. కొడితే బాగుండనుకుంది. రామక్క లేచి, తువ్వాలు మళ్లీ పిండి, దులిపి, భుజాన వేసుకొని వార్డులోకి నడిచింది. మంచం పక్కన నేల మీద కూర్చొని మొగుడి చెవి దగ్గరికి మొహం తెచ్చి, "ఇంటికి పోదాం" అంది.

దూలయ్య ఎందుకని అడగలేదు. "నా తలగుడ్డ ఏది?" అన్నాడు.

*

మేడమే డాక్టరుతో మాట్లాడి, బండి పెట్టించింది. మొదటి వాగు దాకా బండి వెళ్లింది. అక్కడినుంచి బొజ్జయ్య, ఊళ్లో మగవాళ్లు నులక మంచం మీద ఎత్తుకొని, నీళ్లు మోకాలి పైకి వచ్చిన చోట మంచాన్ని భుజాలకెత్తి దాటించారు. మంచం కదిలినప్పుడల్లా పళ్లు బిగబట్టిన దూలయ్య, ఇప్పచెట్ల వరస కనబడగానే మంచం దించమన్నాడు. కాసేపు వాటి నీడలో పడుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం, మర్నాడు పగలు ఆయన మాట్లాడాడు. చేను మీద, విత్తనాల మీద, కొత్త పంట తినే ముందు చేసే కొత్తల పండుగకు వేల్పు ముందు చెయ్యాల్సిన వాటి మీద బొజ్జయ్యకు ఒక్కొక్కటీ చెప్పాడు. రామక్కతో ఒంటరిగా ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు. ఆమె బయటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నప్పుడు మొహం మాత్రం తేటగా ఉంది. నాగలక్ష్మిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. డాక్టర్ సంగతి ఎత్తలేదు. వేరే నాలుగు మాటలు చెప్పాడు.

ఆ తర్వాత మత్తు కమ్మింది.

అక్క వచ్చేసరికి మాట లేదు. ఇల్లు చేరగానే పంపిన కబురు అందిన వెంటనే బయల్దేరినా అడవిలో దారి దారే కదా. ఆమె తమ్ముడి తల ఒళ్లో పెట్టుకొని పేరు పెట్టి పిలిచింది, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. ఊపిరి తప్ప జవాబు రాలేదు. తెల్లవారేసరికి ఆ ఊపిరీ ఆగింది.

డోలు వాయించేవాళ్లు వచ్చి వంశం కథ పాడారు. అన్నీ ముగిసి, మనుషులు పలచబడ్డాక, మేనత్త గడప పక్కన కూర్చొని ఎవరినీ చూడకుండా అంది: "ఒక్కదినం ముందు కబురు పెడితే వాని మాట వినేదాన్ని. నేను వచ్చే ముందటి దినం దాక మాట్లాడిండంట కద. నాకెందుకు చెప్పలే?"

రామక్క తలెత్తింది. "తప్పు నాదే వదినా. దవాఖానాల వాళ్లన్నది నాకు ఆలస్యంగా తెలిసింది."

అది అబద్ధమేమీ కాదు. అందులో నాగలక్ష్మి పేరు లేదు, అంతే. నాగలక్ష్మికి తల్లి చేసిన పని అర్థమైంది. సంతలో షావుకారు మాటలను తను ఏళ్లతరబడి ఎలా మోసిందో, అలాగే ఇప్పుడు తల్లి తనను మోస్తోంది.

లేచి వెళ్లి అత్త ఎదురుగా కూర్చుంది.

"అవ్వకు నేనే చెప్పలే అత్తా. డాక్టర్ అన్నది ఒకటి, నేను చెప్పింది ఒకటి. అయ్య నీకు కబురు పెట్టమన్నడు. నేను చెప్పిన మాట నమ్మి అవ్వ వద్దన్నది."

అత్త ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. ఎండిన కళ్లు. కోపమో ఏమో తెలియని చూపు. "ఎన్నేండ్లే నీకు?" అని అడిగింది. నాగలక్ష్మి చెప్పింది. అత్త తల అడ్డంగా ఊపి, కొంగుతో తన మొహం తుడుచుకుంది.

"నన్ను గురించి ఏమన్న అన్నడా?"

"అన్నడు."

నాగలక్ష్మి కళ్లు మూసుకుంది. తండ్రి గొంతు గరగరా వచ్చేది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునేవాడు. అలాగే, అక్కడక్కడే ఆగుతూ అంది.

"'మా అక్క వచ్చేదాక ఉంటనో లేదో. చిన్నప్పుడు వాగు పొంగితే నన్ను వీపున ఏసుకొని దాటించింది. అది మునుగుతుందో నేను మునుగుతనో తెల్వది, నేను మెడ వదల్లే. రేపు వస్తే ఏడవొద్దని చెప్పు. వచ్చినప్పుడు ముందు అన్నం పెట్టుండ్రి. దినమంత నడిచి వస్తది, దారిల ఏం తినదది' అని."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వద్దన్నా ఏడ్చింది. వచ్చినప్పటినుంచి ఆమె ఏడ్వడం అదే మొదలు. నాగలక్ష్మి ఆమె మోకాళ్ల మీద తల పెట్టింది. కాసేపటికి ఆమె చెయ్యి వచ్చి జుట్టు మీద ఆగింది.

రామక్క లోపలికి వెళ్లి, గిన్నె మూత తీసి, ఆకులో జొన్నన్నం, పప్పు పెట్టుకొని వచ్చింది. వదిన ముందు పెట్టి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టింది. అత్త చేతులు కడుక్కొని ఆకు దగ్గరికి లాక్కుంది.